శీతల్ నింపిన ఖాళీ జాగా

ప్రెస్సులో పనిచేసే శీతల్ పగబట్టి పెద్దింటివాళ్ళ పేర్లన్నీ పుస్తకం తోకకు తోసిందని ఒక మాట వాడ చుట్టూ తిరుగుతోంది. పాలమ్మే డబ్బా కొట్టు దగ్గర పుట్టిన ఆ మాటకు ఇత్వారా కూరగాయల బజారు చేరేసరికి కాళ్ళూ చేతులూ వచ్చాయి. సాయంత్రానికి కంప్యూటర్‌కు నిమ్మకాయ కట్టిందనే దాకా పోయింది. ఇంకొందరు శీతల్ తల్లి సుందరాబాయి పేరును మొదటి పేజీలో తమ కళ్ళతో చూశామంటున్నారు. పుస్తకం తెరిచినవాళ్ళెవరూ ఆ మాట అనలేరు. అయితే పుస్తకం తెరవకుండానే చదివేసేవాళ్ళు ఆ వాడలో తక్కువేమీ లేరు.

నిమ్మకాయా లేదు, సుందరాబాయి పేరూ మొదటి పేజీలో లేదు. శీతల్ ఒక్క పేరును కూడా చేత్తో కదిలించలేదు. ఏళ్ళ తరబడి ఖాళీగా పడి ఉన్న ఒక జాగాలో ఆమె ఒక భాష పేరు రాసింది. రాసి, తీసెయ్యమంటే తీయనంది. జరిగింది అది. దాన్ని మొదటి నుంచి చెప్పుకుంటే తప్ప ఈ నిమ్మకాయ దిగదు.

తెలంగాణ సరిహద్దు ఊళ్ళ నుంచి వచ్చి మహారాష్ట్రలోని నాందేడ్‌లో బతుకుతున్న తెలుగువాళ్ళు, అంటే కుండల్‌వాడి వాళ్ళు, ఇస్లాపూర్ వాళ్ళు, ఇప్పటికీ ఉమ్రిలో ఉంటూ ఆ ఒక్క రోజుకు రైలెక్కి వచ్చేవాళ్ళు, ఏడాదికొకసారి ఒక హాలులో కూడి భోంచేస్తారు. దాన్ని ఊరోళ్ళ పంగత్ అంటారు. పంగత్ అంటే నేల మీద పట్టీలు పరిచి కూర్చునే బంతి. ఒక బంతి లేచాకే ఇంకో బంతి. ఎవరు ఏ బంతిలో కూర్చోవాలో చెప్పేది పుస్తకం. ప్రతి ఏడూ ఇళ్ళ పేర్లతో ఒక చిన్న పుస్తకం అచ్చవుతుంది. అందులో ఉన్న వరుసలోనే మైకులో పేర్లు పిలుస్తారు. పిలిచిన ఇంటికి చేతిలో కొబ్బరికాయ, భుజాన శేలా, ఆ వెంటనే బంతిలో చోటు. మొదటి బంతికి పోలెలు, అంటే బొబ్బట్లు, పెనం మీద నుంచి నేరుగా వస్తాయి. నెయ్యి గిన్నె పట్టుకుని వంగి వంగి అడుగుతారు. ఆఖరి బంతికి వచ్చేసరికి పప్పు అడుగంటి ఉంటుంది, వడ్డించేవాళ్ళకు నడుములు పట్టేసి ఉంటాయి, పోలెల గంప బోర్లించి ఉంటుంది.

ఇంకో కట్టుబాటు కూడా ఉంది. ఏ ఇంటి పేరు ఆ ఇంటివాళ్ళే తమ చేత్తో రాసి ఇవ్వాలి. వాళ్ళు ఏ అక్షరాలలో రాస్తే ఆ అక్షరాలలోనే అచ్చు పడాలి. నిజాం కాలంలో ఉర్దూలోనూ ఆ తర్వాత మరాఠీలోనూ దఫ్తర్ల వాళ్ళు తమ పేర్లను ఇష్టమొచ్చినట్టు రాసి పారేశారని, కనీసం మన పుస్తకంలోనైనా మన పేరు మనం రాసుకున్నట్టే ఉండాలని పాతవాళ్ళు పెట్టిన నియమం అది. అందుకే ఆ పుస్తకంలో తెలుగు, మరాఠీ, ఇంగ్లీషు మూడూ ఒకే కప్పు కింద కాపురముంటాయి.

ఒకప్పుడు ఈ వరుస మీద జరగని కొట్లాట లేదు. మా ఇల్లు వెనకెందుకంటే మా ఇల్లు వెనకెందుకని, మాన్‌పాన్ మర్యాద మాకే ముందు దక్కాలని శేలాలు నేలకేసి కొట్టిన సంవత్సరాలున్నాయి. చివరకు ఈ పంగత్ నడిపే సమాజ్ అధ్యక్షుడు రామదాస్ ఒక దారి చూపించాడు. రామదాస్‌ది భూమి ఉన్న ఇల్లు, ఊళ్ళో సేద్యం, నాందేడ్ మోంఢాలో, అంటే ధాన్యం మార్కెట్లో, సోయాబీన్ అడతి. మనిషి గట్టివాడు కానీ కుట్రలు తెలిసినవాడు కాదు. "మనిషి చెయ్యి పడితెనే గదా లొల్లి. మిషన్‌కు ఇద్దాం. అది ఎట్ల పెడితే గట్ల," అన్నాడు. అప్పుడు కాలేజీలో చదువుతున్న అతని కొడుకు నితీశ్ ఆ పనికి కావలసిన ఫైలు రాసి ఇచ్చాడు. ఆ ఏడు నుంచి కొట్లాటలు ఆగిపోయాయి. మిషన్ చెప్పిందంటే ఇక మాట లేదు.

మిషన్ ఏం చెబుతోందో మాత్రం ఎవరూ తేరిపార చూడలేదు. ఇంగ్లీషులో రాసిచ్చిన పేర్లు ముందు వచ్చేవి, వాటి వెనక మరాఠీవి, అన్నిటికీ వెనక తెలుగువి. ఇంగ్లీషులో రాసేది చదువుకున్న పిల్లలున్న ఇళ్ళు. మరాఠీలో రాసేది దఫ్తర్లలో, దుకాణాల్లో పనిచేసేవాళ్ళు. తెలుగులో రాసేవాళ్ళు కూలికి సరిహద్దు దాటిపోయి, అక్కడే అరకొరగా అక్షరాలు నేర్చి వచ్చినవాళ్ళు. సమాజ్ కమిటీలో ఉన్న ఒకే ఒక ఆడమనిషి శివవ్వ మాత్రం ఏదో పసిగట్టింది. ఎందుకో తెలియకపోయినా, తన పేరును ఒక ఏడు మనవడి చేత ఇంగ్లీషులో రాయించింది. ఒక్కసారిగా ఆఖరి బంతి నుంచి మొదటి బంతికి ఎగిరింది. రేషన్ దుకాణంలో ఏ వరుస తొందరగా కదిలితే ఆ వరుసలోకి మారినట్టు, ఆమెను చూసి ఇంకొన్ని ఇళ్ళు మారాయి. రాసిచ్చే పిల్లలు లేని ఇళ్ళు ఉన్నచోటే ఉండిపోయాయి.

అట్లాంటి ఇంట్లో పుట్టింది శీతల్. ఊరు కుండల్‌వాడి. తండ్రి చిన్నప్పుడే పోయాడు. భూమి అనేది వేరేవాళ్ళకు ఉండే వస్తువని ఆ ఇంటి లెక్క. పసుపు తవ్వే రోజులొస్తే సుందరాబాయి కూతుర్ని తీసుకుని నిజామాబాద్ వైపు పనికి పోయేది. పసుపు ఉడికే ఆవిరి నడుమ, ఆ పల్లె బడిలో శీతల్ పలక పట్టింది. తిరిగొచ్చి కుండల్‌వాడిలో మరాఠీ బడిలో చేరినప్పుడు గురూజీ ఆమె పలక చూసి, ఇవేం జిలేబీలని నవ్వాడు. తరగతంతా నవ్వింది.

"జిలేబి కాదు గురూజీ. నా పేరు," అంది శీతల్.

ఆ జవాబుకు వెనక బల్ల బహుమానంగా దొరికింది. ఆ బల్ల మీద కూర్చునే మరాఠీ నేర్చింది, హిందీ నేర్చింది. తెలుగు మాత్రం మరవలేదు. నోరూ మూతపడలేదు. పెళ్ళయి నాందేడ్ వచ్చాక గ్యాస్ సిలిండర్ మనిషి మొదలుకొని బస్సు కండక్టర్ దాకా ఆమెతో ఒకసారి వాదించినవాడు రెండోసారి ముందే దారిచ్చేవాడు. భర్త వినాయక్ ఆటో నడుపుతాడు. ఉమ్రి వాడు. ఇంట్లో తెలుగు మాట్లాడతాడు కానీ రాసేది మరాఠీనే. పంగత్ పుస్తకానికి ఆ ఇంటి పేరు అతని చేత్తోనే పోతుంది. సుందరాబాయి ఇప్పుడు కూతురి దగ్గరే ఉంటుంది కాబట్టి ఆమె పేరు విడిగా లేదు.

వజీరాబాద్‌లో, అందరూ భావు, అంటే అన్న, అని పిలిచే నాగనాథ్ ప్రెస్సులో శీతల్ మొదట పెళ్ళికార్డులు మడతపెట్టే పనికి చేరింది. కంప్యూటర్ మీద కూర్చునే పిల్ల మానేసి పోయిన రోజు ఎవరూ కూర్చోమనకుండానే ఆ కుర్చీలో కూర్చుంది. నాగనాథ్ టీ తాగి వచ్చేసరికి ఒక కార్డు పూర్తి చేసి పెట్టింది. అందులో పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురి తండ్రి పేరు తారుమారయ్యాయి. నాగనాథ్ తలపట్టుకున్నాడు కానీ కుర్చీలో నుంచి లేపలేదు. అప్పటి నుంచి ఆ కుర్చీ ఆమెదే. పంగత్ పుస్తకం పనీ ఆమెదే.

ఆ పని ఎట్లా ఉంటుందో ఒకసారి సుందరాబాయి అడిగితే శీతల్ దర్జీని చూపించింది. పేర్లు ఒక ఫైలులో ఉంటాయి. అవి బట్ట. ఎట్లా కనబడాలో చెప్పేది ఇంకో ఫైలు, దాన్ని స్టైల్‌షీట్ అంటారు. అది దర్జీ జాకెట్‌కు కత్తిరించి పెట్టుకునే కొలత కాగితం. ఏ బట్ట తెచ్చినా ఆ కాగితం పెట్టి కోస్తాడు. ఏ అక్షరం ఎంత పెద్దగా ఉండాలి, గీత ఎక్కడ పడాలి అన్నీ అందులోనే రాసి ఉంటాయి. పేర్లను ఒకదానితో ఒకటి పోల్చి ఏది ముందు ఏది వెనక అని సర్దమనే మాట కూడా.

ఈ ఏడు వానాకాలంలో ప్రెస్సులోని పాత కంప్యూటర్ కన్ను మూసింది. నాగనాథ్ కొత్తది తెచ్చి, తనకు సుళువుగా ఉంటుందని దానికి అంతా మరాఠీ పెట్టించాడు. పంగత్ దగ్గరపడ్డాక శీతల్ అందులో అవే పేర్లు వేసి, అదే స్టైల్‌షీట్ పెట్టి నడిపింది. వచ్చిన పేజీలు దగ్గరికి పెట్టుకుని చూసింది. మరాఠీ పేర్లు మొదట ఉన్నాయి. తర్వాత తెలుగు. ఇంగ్లీషు పేర్లు, రామదాస్‌తో సహా, ఆఖరున. తన చెయ్యే ఏదో నొక్కి పాడు చేసిందనుకుంది. మళ్ళీ నడిపింది. మళ్ళీ అదే. ఇక షీట్ రాసినవాడికే ఫోన్ చేసింది. నితీశ్ ఇప్పుడు పుణేలో కంప్యూటర్ కంపెనీలో ఉన్నాడు.

"నితీశ్, పేర్లన్నీ ఉల్టా అయినయ్. షీట్ నేను ముట్టనన్న ముట్టలే."

"కొత్త మిషనా అక్కా? దానికి ఏ భాష పెట్టిన్రు?"

"నాగనాథ్ భావు మరాఠీ పెట్టించిండు."

అవతల నితీశ్ నవ్వాడు. "గదే మరి. రెండు పేర్లను పక్కపక్కకు పెట్టి ఏది ముందు అని మిషన్ చూస్తది సూడు, ఏ భాష లెక్కన చూడాల్నో షీట్‌ల రాయాలె. నేను ఆ జాగ ఖాళీ ఇడిచిపెట్టిన. నాకు అప్పుడు గంత సోయి లేదు. ఖాళీ ఉంటే మిషన్ తన భాషనే పట్టుకుంటది. పాతదానిది ఇంగ్లీషు. దీనిది మరాఠీ. ఎవ్వల భాష పెడితే వాళ్ళ అక్షరాలు ముందటికి అస్తయ్."

"అంటే ఇన్నేండ్ల సంది ఇంగ్లీషోళ్ళు ముందు కూసున్నది మిషన్ న్యాయం కాదా?"

"మిషన్‌కు న్యాయమేంది అక్కా. చెప్తే చెప్పినట్టు చేస్తది. చెప్పకపోతే దాని అలవాటు అది చేస్తది."

"మరి ఇప్పుడేం రాయాలె?"

"నన్నడుగుతవేంది? ఏది రాసినా నడుస్తది, ఏది రాసినా తప్పు కాదు. మీ ఇష్టం."

ఫోన్ పెట్టాక శీతల్‌కు ఒక పాత పంగత్ గుర్తొచ్చింది. సుందరాబాయి ఇంకా కుండల్‌వాడిలో ఉన్నప్పుడు, తన పేరుతో విడిగా పంగత్‌కు వచ్చే రోజుల్లో, ఆఖరి బంతిలో కూర్చుని ఒక పోలె అడిగింది. వడ్డించే అతను ఖాళీ చేతులు చూపించి, "అయిపోయినయ్ అవ్వా, నేనేం జేయాలె, మిషన్ గట్ల పిలిచింది," అన్నాడు. సుందరాబాయి తలూపింది. మిషన్ మీద ఎవరు అలుగుతారు. ఆ రోజు పక్కనే కూర్చున్న శీతల్‌కు కూడా అలగడానికి మనిషి దొరకలేదు. ఇప్పుడు చూస్తే అక్కడ మనిషీ లేడు, మిషనూ లేదు. ఒక ఖాళీ జాగా ఉంది. దాని చాటున ఇన్నేళ్ళూ ఎవరో ముందు కూర్చున్నారు, ఎవరో వెనక కూర్చున్నారు.

ఆమె ఆ జాగాలో తెలుగు అని రాసింది. తెలుగు అని చెప్పడానికి కూడా అక్కడ రెండు ఇంగ్లీషు అక్షరాలే కొట్టాలి. శీతల్‌కు నవ్వొచ్చింది. నడిపితే తెలుగు పేర్లు వరుసగా లేచి ముందుకొచ్చి నిలబడ్డాయి.

నమూనా పేజీలు కమిటీకి పోయాయి. తెల్లారి ప్రెస్సు షట్టర్ ఎత్తీ ఎత్తకముందే రామదాస్ వచ్చాడు. కాగితాలు గల్లా మీద పెట్టి, నాగనాథ్ వైపు చూస్తూ, వేలు మాత్రం శీతల్ వైపు పెట్టాడు.

"నాగనాథ్, ఇదేంది? నా దుకాణంల సంచులు మోసే ఇస్లాపూర్ సంగన్న మొదటి పేజీల, నేను ఆఖరి పేజీల. మిషన్‌కు జరమచ్చిందా?"

శీతల్ కుర్చీ తిప్పింది.

"మిషన్ మంచిగనే ఉన్నది కాకా. సంగన్న తెలుగుల రాసిచ్చిండు, మీరు ఇంగ్లీషుల రాసిచ్చిన్రు. షీట్‌ల తెలుగు అని పెట్టిన. గంతే."

"ఎవరు పెట్టుమన్నరు?"

"ఎవరూ పెట్టుమనలే. పెట్టద్దని గూడ ఎవరూ అనలే. జాగ ఖాళీ ఉండె."

"ఖాళీ ఉంటే ఖాళీగనే ఉంచాలె బిడ్డా. నేను తెచ్చిన పద్ధతి ఇది. మనిషి చెయ్యి పడద్దనే తెచ్చిన. నువ్వు చెయ్యి పెట్టినవ్."

"ఖాళీగ ఉంచితే పాత మిషన్‌ల ఇంగ్లీషు అయితుండె, కొత్త మిషన్‌ల మరాఠీ అయితది. మిషన్ కొనుక్కచ్చినోని చెయ్యి పడ్డట్టే గదా. నితీశ్‌ను అడుగుండ్రి."

కొడుకు పేరు వినగానే రామదాస్ ముఖం మారింది. అప్పటికే అడిగినట్టున్నాడు, వచ్చిన జవాబు మింగుడుపడలేదు. కాసేపు కాగితాల అంచులు సర్దాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"సరే. ఇంగ్లీషు వద్దు. నేను గూడ పట్టువట్ట. మరాఠీ పెట్టు. మహారాష్ట్రల ఉన్నం, ఇక్కడి నీళ్ళు తాగుతున్నం. ఎవ్వలూ కాదనరు."

"చాలేల్, చాలేల్," అన్నాడు నాగనాథ్, ఊపిరి తిరిగి వచ్చినవాడిలా. "నడుస్తది కాకా. శీతల్, మరాఠీ పెట్టెయ్."

మరాఠీ పెడితే వినాయక్ చేత్తో రాసిన పేరు మొదటి పేజీలోనే పడుతుంది. అంతకుముందు రోజు పొరపాటున వచ్చిన పేజీలలో శీతల్ తన కళ్ళతో చూసింది.

"పెట్టను," అంది.

నాగనాథ్ ఆమె వైపు చూసి కళ్ళతోనే బతిమాలాడు. శీతల్ ఆ చూపును పట్టించుకోలేదు.

"కాకా, ఒక్క పని చేద్దాం. ఏ భాష పెట్టాల్నో మీరే చెప్పుండ్రి. ఇంగ్లీషంటే ఇంగ్లీషు, మరాఠంటే మరాఠీ. కని అదే మాట పుస్తకం మొదటి పేజీల పెద్దక్షరాలల్ల అచ్చు వెయ్యాలె. 'పేర్ల వరుస ఇంగ్లీషు భాష ప్రకారం' అని. కింద మీ సంతకం. గట్లయితే ఇప్పుడే, మీ ముందట్నే మారుస్త. చాటుంగ మాత్రం మార్చ."

ఆ మొదటి పేజీ మీద ఎప్పుడూ ఉండే పెద్ద అక్షరాలు 'తెలుగు బంధువుల పంగత్'. దాని కిందే ఆ ముక్క రావాలి. రామదాస్ ఆ పేజీ వైపు చూశాడు, శీతల్ వైపు చూశాడు. కాగితాలు చుట్టచుట్టి చంకలో పెట్టుకున్నాడు. "ఊళ్ళె ఇదొక్కటే ప్రెస్సు కాదు నాగనాథ్," అని మెట్లు దిగిపోయాడు.

"మునిగిన," అన్నాడు నాగనాథ్. "ఈ ఒక్క పుస్తకం కాదు శీతల్. కాకా ఒక్క మాటంటే మోంఢాల దుకాణాల పనంతా పోతది. తీసెయ్యరాదా? రెండక్షరాలు."

"రెండక్షరాలే గదా భావూ. మీరు తీసెయ్యుండ్రి. మీకస్తది. నేనైతే తియ్య." ఆమె డబ్బా సంచీ భుజానికి తగిలించుకుంది. "నేను కూసున్న కుర్చీల నుంచి తియ్యాల్నంటే నన్ను తీసి, వేరెటోళ్ళను కూసోవెట్టి తియ్యాలె."

నాగనాథ్ నిజంగానే పోయి కుర్చీలో కూర్చున్నాడు. షీట్ తెరిచాడు. ఆ రెండు అక్షరాల పక్కన గీత మిణుకుమిణుకుమంటోంది. మీట మీద వేలు పెట్టి ఎంతసేపున్నాడో. చివరకు లేచి, "సంచి కిందవెట్టు. కమిటీ కూసోనీ. ఆళ్ళ లొల్లి ఆళ్ళు తేల్చుకుంటరు. నువ్వు గూడ రా, నా మీదికి రాకుంట," అన్నాడు.

ఇంట్లో వినాయక్ అన్నీ విన్నాడు. ఆటో స్టాండులో అతనికి అప్పటికే ఒక కథ అందింది. "నౌకరి పోతే?" అన్నాడు.

"పోతే పోతది."

"నీకు కొట్లాటకు జాగే దొరకదా? మంది రేషన్ కాడ కొట్లాడుతరు, నల్లా కాడ కొట్లాడుతరు. నువ్వు అచ్చరాల కాడ కొట్లాడుతున్నవ్."

"రేషన్ కాడ గూడ కొట్లాడిన. మర్చిపోయినవా?"

వినాయక్ మర్చిపోలేదు. కంచం ముందుకు జరుపుకున్నాడు.

కమిటీ పంగత్ జరిగే హాలులోనే కూర్చుంది. రామదాస్, నాలుగైదు ఇళ్ళ పెద్దలు, గోడకానుకుని కాళ్ళు చాపుకున్న శివవ్వ. వేరే ప్రెస్సుకు ఇద్దామన్న మాట మొదట్లోనే వచ్చింది, కానీ అక్కడైనా ఏ భాష పెట్టాలో ఎవరో ఒకరు చెప్పాల్సిందేనని నితీశ్ ఫోనులో చెప్పడంతో అది అక్కడే చచ్చిపోయింది. శీతల్ తనతో మూడు మొదటి పేజీలు తెచ్చింది. మూడింటి మీదా 'తెలుగు బంధువుల పంగత్' ఉంది. దాని కింద ఒకదాని మీద ఇంగ్లీషు ప్రకారం అని, ఒకదాని మీద మరాఠీ ప్రకారం అని, ఒకదాని మీద తెలుగు ప్రకారం అని. మూడూ నేల మీద పరిచి వెనక్కి జరిగింది.

"ఏది చేతిల వట్టుకుంటే అదే అచ్చయితది," అంది.

రామదాస్ చెయ్యి ఇంగ్లీషు కాగితం మీదికి పోయింది. అలవాటుగానే పోయింది. సగం ఎత్తి చదివాడు. మళ్ళీ చదివాడు.

"దీన్ని మైకుల ఎవరు సదువుతరు?" అని అడిగింది శివవ్వ, ఎవరినీ చూడకుండా.

"ఎప్పటిలెక్క అధ్యక్షుడే," అన్నారు ఎవరో.

"మంచిగ సదువు రామదాసూ. ఉమ్రి నుంచి అచ్చినోళ్ళకు గూడ ఇనబడాలె."

రామదాస్ కాగితం కింద పెట్టేశాడు. మరాఠీ కాగితం కోసం ఇంకో ఇద్దరు వంగారు. శివవ్వ వాళ్ళనూ వదల్లేదు. "పట్టుకోండ్రి, పట్టుకోండ్రి. గట్లనే బయట బోర్డు మీద తెలుగు అన్నది గూడ కొట్టెయ్యిద్దాం. రంగు డబ్బ తెప్పియ్యాల్నా?"

"నీ పేరు ఇంగ్లీషుల ఉన్నది గదనే అవ్వా," అన్నాడు వాళ్ళలో ఒకడు, మండిపోయి. "తెలుగు పెడితే నువ్వు గూడ ఆఖరికే పోతవ్."

"పోత. నా మోకాళ్ళు మీకన్నా ఎక్కువ పంగత్‌లు జూసినయ్."

ఎవరూ చెయ్యెత్తలేదు, ఎవరూ ఒప్పుకున్నట్టు చెప్పలేదు. రామదాస్ లేచి శాలువా దులుపుకున్నాడు. "మీ ఇష్టమచ్చినట్టు చేసుకోండ్రి," అని పోయాడు. దాన్నే అందరూ తీర్మానం అనుకున్నారు. అచ్చుకు పోయేలోగా పేరు మళ్ళీ రాసి ఇవ్వాలనుకునేవాళ్ళు ఇవ్వవచ్చని శీతల్ ఇల్లిల్లూ తిరిగి చెప్పింది. రామదాస్ ఇంటికీ పోయింది. అతను వాకిట్లోనే నిలబడి, "నేను రాసిందే రాసింది," అన్నాడు. శివవ్వ మాత్రం కలం అడిగి తీసుకుంది. ఎప్పుడో నాలుగో తరగతిలో నేర్చి, ఇంగ్లీషుకు మారాక వదిలేసిన అక్షరాలను ఒక్కొక్కదాన్నే గుర్తుచేసుకుంటూ, నాలుక బయటపెట్టి, తన పేరు తనే తెలుగులో రాసిచ్చింది. వ కింద వత్తు సరిగ్గా కూర్చోలేదు. అయినా మనవడి చేతికి ఇవ్వలేదు.

పంగత్ రోజు మైకు దగ్గర నిలబడింది రామదాసే. రాడేమో అనుకున్నారు కానీ వచ్చాడు. పేర్ల వరుస తెలుగు భాష ప్రకారం అనే ముక్కను కూడా మింగకుండా చదివాడు. ఆ తర్వాత పేర్లు. కాసేపటికే ఇస్లాపూర్ సంగన్న పేరు వచ్చింది. ఎవరూ కదల్లేదు. రెండోసారి పిలిచాడు. సంగన్న ఎప్పటిలాగే వెనక వంటల దగ్గర నీళ్ళ డ్రమ్ములు మోస్తున్నాడు. తన పేరు ఆ వేళప్పుడు వినపడుతుందని అతనికి అలవాటు లేదు. ఎవరో భుజం తడితే తడి చేతులు పంచెకు తుడుచుకుంటూ వచ్చాడు. రోజూ తాను సంచులు దించే దుకాణం యజమాని చేతి నుంచే కొబ్బరికాయ అందుకున్నాడు. శేలా కప్పేటప్పుడు రామదాస్ చేతులు కాస్త ఆగాయి, అయినా సరిగ్గానే కప్పాయి. బంతిలో కూర్చున్నాక నెయ్యి వేసే మనిషి వంగితే సంగన్న అలవాటు కొద్దీ విస్తరికి చెయ్యి అడ్డం పెట్టాడు. వడ్డించే మనిషి ఆ చెయ్యి తీసేదాకా నిలబడ్డాడు.

వినాయక్ ఇంటివాళ్ళు మరాఠీ పేర్లతో పాటు నడిమి బంతిలో కూర్చున్నారు. సుందరాబాయి అక్కడే ఒక పోలె తిని, ఇంకొకటి పెడుతుంటే వద్దంది. తినలేక కాదు. తిని లేచి వంటల వైపు పోయింది. అక్కడ కుండల్‌వాడి ఆడవాళ్ళు పొద్దుననే ఒక గంప నిండా పోలెలు తీసి, బట్ట కప్పి పక్కన పెట్టి ఉంచారు. ఆఖరి బంతి కూర్చోగానే, అంటే రామదాసూ అడతి వాళ్ళూ కూర్చోగానే, సుందరాబాయి ఆ గంప ఎత్తుకుని వచ్చింది.

రామదాస్ తన విస్తరిలో పడిన పోలెను చూసి తలెత్తాడు. "ఇంక మిగిలినయా?"

"మిగులలే బాపూ. మిగిలిచ్చినం," అంది సుందరాబాయి. "ఆఖరి బంతి అంటే ఏందో మాకెరుకే గదా."

రామదాస్ తల దించుకుని తిన్నాడు. రెండోది అడగలేదు కానీ పెడితే కాదనలేదు.

ఇంత జరిగాక కూడా తెల్లారి నిమ్మకాయ మాట పుట్టింది. ఎందుకు పుట్టదు. మోంఢా దుకాణాల పని కొంత నిజంగానే వేరే ప్రెస్సుకు పోయింది. నాగనాథ్ రోజుకోసారి నిట్టూరుస్తాడు. శీతల్ మాత్రం అదే కుర్చీలో కూర్చుని పెళ్ళికార్డులు చేస్తోంది, ఇప్పుడు తండ్రుల పేర్లు రెండుసార్లు చూసుకుంటోంది. వాడలో అందరూ ఆమె గురించి మాట్లాడారు, ఆమె వినేటట్టూ మాట్లాడారు. పగ అన్నారు, పొగరన్నారు, ఎవరో వెనక ఉండి చేయించారన్నారు. ఆమెనే ఆపి అడిగినవాళ్ళు లేరు. ఆ పని చేసింది శివవ్వే. ఒక సాయంత్రం ప్రెస్సు నుంచి వస్తున్న శీతల్‌ను గల్లీ మలుపులో చెయ్యి పట్టి తన అరుగు మీద కూర్చోబెట్టింది. చెయ్యి వదల్లేదు.

"ఒక్కటి అడుగుత, తిప్పి తిప్పి చెప్పద్దు. మంది పగ అంటున్రు. పగైతే నీ ఇల్లు ముందటికి రావాలె. రాలే. రామదాసు తానే దిగొచ్చి మరాఠీ పెట్టుమన్నడట. పెడితే మీ ఇల్లు మొదటి పేజీలనే ఉంటుండె, నౌకరికి భయముండకపోవు, కాకాతోని కయ్యముండకపోవు. ఎందుకు పెట్టకపోతివే?"

శీతల్ చెయ్యి విడిపించుకోలేదు. కొంగుతో ముఖం తుడుచుకుంది.

"ఆ జాగ ఇన్నేండ్లు ఖాళీగ ఉండె అవ్వా. ఆ ఖాళీ జాగ మాటుకు కూసొని మొదటి బంతిల తిన్నోళ్ళను ఎవ్వలన్న అడిగిన్రా, నువ్వెందుకు ముందున్నవని? అడుగలే. మిషన్ అన్నరు, ఊకున్నరు. చాటుంగ మరాఠీ పెడితే నేను గూడ ఆళ్ళ లెక్కనే ఆ మాటుకు కూసున్నట్టయితుండె. నేను భాష పేరు చెప్పి, నా పేరు చెప్పి రాసిన, అందుకే నన్ను అడుగుతున్రు. అడుగనియ్యి. వచ్చే ఏడు ఎవలకన్న వేరే భాష కావాల్నంటే నా పక్కకు కుర్చీ ఏస్త. అచ్చి కూసొని, అందరు సూస్తుండంగ, ఆళ్ళ చేత్తోని రాయుమను."